పోయిన వీధికి కొలతలు

కొత్త సిమ్యులేటర్ వచ్చిన రోజు ల్యాబ్‌లో ఎవరికీ పని సాగలేదు. కొత్త కోడల్ని చూడ్డానికి ఇరుగుపొరుగు వచ్చినట్టు, పక్క గదుల వాళ్లంతా ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి చూసి పోయారు. చూడ్డానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఫ్రిజ్ అంత నల్లపెట్టె, ముందు మూడు నాలుగు దీపాలు, వెనక జడల్లా వేలాడుతున్న వైర్లు. కానీ దాని పని మాత్రం ఆషామాషీ కాదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పంపే సిగ్నళ్లను అచ్చం అలాగే తయారుచేసి, గదిలో బల్లమీద కూర్చున్న రిసీవర్‌కు వినిపిస్తుంది. ఫోన్లోనో కార్లోనో ఉండి ‘మీరు ఇక్కడున్నారు’ అని మనకు చెప్పే ఆ రిసీవర్, పాపం, తను నిజంగానే రోడ్డు మీద పోతున్నాననుకుంటుంది. అలా దాన్ని కూర్చున్న చోటునే ఊళ్లూ కొండలూ సముద్రాలూ తిప్పి, ఎక్కడ దారి తప్పుతుందో పట్టుకోవడం ఆ ల్యాబ్ పని.

ఆ పని మొదలుపెట్టిన వాళ్లలో ఇంకా ఉద్యోగంలో మిగిలింది చిన్ని ఒక్కతే. ఇంట్లో అందరికంటే చిన్నది కనక చిన్ని. యాభై దాటి, జుట్టు సగం నెరిసినా ఆ పేరు మార్చాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. ల్యాబ్‌లో మాత్రం ఆవిడ మేడం. చిన్ని చేరిన కొత్తలో ఇలాంటి పెట్టెలు లేవు. ఒక వ్యాన్ ఉండేది. దాని నెత్తిన పుట్టగొడుగులాంటి యాంటెన్నా, వెనక సీట్లు పీకేసిన చోట రికార్డర్లు. ఎండనకా వాననకా వీధివీధీ తిరిగి, పైనుంచి పడే సిగ్నళ్లను ఉన్నవున్నట్టు రికార్డు చేసుకొచ్చేవాళ్లు. ఆ రికార్డింగులు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పాత పాటలు మళ్లీ పెట్టుకున్నట్టు వాటిని కొత్త రిసీవర్లకు వినిపిస్తుంటారు. అది ఎప్పటి రోజో రిసీవర్‌కు తెలియదు. ఆనాటి ఆకాశం కింద, ఆనాటి వీధిలో, బుద్ధిగా పోతూ ఉంటుంది.

వాటన్నిట్లోకీ పేరుమోసిన రికార్డింగ్ ఒకటుంది. ల్యాబ్‌లో దాన్ని ‘గొట్టం’ అంటారు. రెండు వైపులా గోడలు పెరిగిపోయి, మధ్యలో గొట్టంలా మిగిలిన వీధి అది. అలాంటి చోట సిగ్నల్ నేరుగా రాదు. ముందు ఒక గోడకు కొట్టుకుని, అక్కణ్నుంచి ఎదురుగోడకు కొట్టుకుని, బావిలో అరిచిన అరుపులా ఆలస్యంగా వస్తుంది. ఆలస్యాన్ని దూరం అనుకుని రిసీవర్ మనల్ని పక్కవీధిలో పడేస్తుంది. ఎంత మంచి రిసీవరైనా గొట్టంలో దిగితే తల తిరిగి బయటికి రావలసిందే.

సిమ్యులేటర్ వచ్చిన వారానికే డైరెక్టర్ మీటింగ్ పెట్టాడు. వయసులో చిన్నికంటే చిన్నవాడు, మాట మెత్తన.

“మన పాత సిమ్యులేటర్‌కు గోడలంటే ఏమిటో తెలియదు. దీనికి తెలుసు. వీధి బొమ్మ కట్టి ఇస్తే ఏ గోడకు ఏ సిగ్నల్ ఎలా తగులుతుందో ఇదే లెక్క కడుతుంది. కానీ దాని లెక్కను మనం నమ్మేదెలా? నిజమైన వీధితో పోల్చి చూడాలి. మన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే కష్టమైంది గొట్టం. దీంట్లో గొట్టం కట్టి, ఇది ఇచ్చే సిగ్నలూ, అప్పుడు మీరు రికార్డు చేసిన సిగ్నలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మేడం, ఆ వీధి కొలతలు తెప్పించగలరా?”

“ఆ వీధి లేదండీ,” అంది చిన్ని.

“లేదంటే?”

“రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొత్తం కొట్టేశారు. ఇప్పుడక్కడ పెద్ద రోడ్డుంది.”

“మునిసిపాలిటీ వాళ్ల దగ్గర ప్లాన్లు ఉంటాయిగా?”

చిన్నికి నవ్వొచ్చింది. “ప్లానులో ఉన్నదొకటి, కట్టుకున్నదొకటి. ఒకాయన మెట్లు ముందుకు జరిపాడు, ఇంకొకాయన అరుగు. పైన బాల్కనీలైతే ఎవరి మనసు ఎంత పెద్దదైతే అంత. అవేవీ ఏ ప్లానులోనూ లేవు.”

“మీకు బాగా తెలిసినట్టుందే!”

“నేను పుట్టింది ఆ వీధిలోనేనండీ.”

గదిలో వాళ్లందరూ తలెత్తి చూశారు. ఇన్నేళ్లుగా వాళ్లు తిట్టుకుంటూ వాడుతున్న గొట్టం మేడం వాళ్ల వీధని వాళ్లెవరికీ తెలియదు.

“అయితే ఇంకో రికార్డింగ్ తీసుకుందాం లెండి,” అన్నాడు డైరెక్టర్, ఎవరి కాలో తొక్కినట్టు మొహం పెట్టి.

“వద్దు. నేను కట్టిస్తాను,” అంది చిన్ని. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏం ఒప్పుకుందో ఆమెకు తట్టలేదు.

*

అన్నయ్య బోర్డులు రాస్తాడు. ఆ వీధిలో ఉన్నంత కాలం ఏ దుకాణం పేరైనా ఆయన కుంచెలోంచి రావలసిందే. ఎప్పుడు చూసినా భుజాన నిచ్చెనతోనే కనిపించేవాడు కనక అందరూ ఆయన్ని నిచ్చెన అనే పిలిచేవారు. ఇప్పుడు ఊరి రెండో చివర ఒక షెడ్డులో ఉంటాడు. అచ్చు బోర్డులొచ్చాక పని తగ్గింది. లారీల వెనక పూలూ, పడవల మీద పేర్లూ రాసుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున చిన్ని వెళ్లేసరికి ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని ఒక పడవ పలకకు తెల్లరంగు పూస్తున్నాడు. టర్పెంటైన్ వాసన. ఆ వాసన తగిలితే చాలు చిన్నికి ఇంటికొచ్చినట్టుంటుంది.

విషయమంతా విన్నాడు. కుంచె డబ్బాలో ముంచి, అంచుకు రాచి, మళ్లీ ముంచాడు.

“పోయిన వీధికి కొలతలేమిటే?” అన్నాడు.

“ఫొటోలు వెతికానన్నయ్యా. అన్నిట్లోనూ మనుషులే ఉన్నారు. గోడ ఒక్కటీ పూర్తిగా లేదు.”

“ఫొటో మనుషుల కోసం తీయించుకుంటారు గానీ గోడల కోసం తీయించుకుంటారా?”

“అందుకే నీ దగ్గరికొచ్చాను. నువ్వు ప్రతి ఇంటి మీదికీ ఎక్కావుగా.”

“ఎక్కాను. ఎక్కినవాడు కింద పడకుండా చూసుకుంటాడు గానీ ఎత్తు కొలుస్తాడా?” అని మళ్లీ పలక మీదికి వంగాడు. పలక మీద రంగు ఆరుతోంది. తర్వాత తనంతట తనే అన్నాడు. “మూలమీద గడియారాల కొట్టుంది చూడు. దానిపైన మేడ ఒకటే అంతస్తు.”

“రెండన్నయ్యా.”

“ఒకటే. పైన పావురాల గూడు కట్టుకున్నాడు. నువ్వు దాన్ని కూడా అంతస్తనుకున్నావు.”

“గూడు కాదు. అందులో వాళ్ల అల్లుడు ఉండేవాడు!”

“అల్లుడున్నంత మాత్రాన అంతస్తయిపోతుందా?”

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది.

తర్వాత ఆదివారాలన్నీ పిన్ని ఇంట్లోనే గడిచాయి. పిన్ని అంటే అమ్మ చెల్లెలు. ఆ వీధిలో ఎదురింట్లో ఉండేది. ఇప్పుడు కూతురి దగ్గర, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటోంది. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదని తనే చెప్పుకుంటుంది. ల్యాబ్ నుంచి మోడళ్లు కట్టే కుర్రాడొకడు కూడా వచ్చేవాడు. అతని మొహంలో కళ్లజోడు తప్ప వేరేదేమీ కనిపించదు కనక పిన్ని అతన్ని ‘కళ్లజోడూ’ అనే పిలిచింది. అతనికీ అది నచ్చినట్టే ఉంది. భోజనాల బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని, వాళ్లు చెప్పినట్టల్లా గోడలు లేపేవాడు.

“ఇది ఇటుక గోడా, సిమెంటా?” అని అడిగేవాడు. “సిగ్నల్‌కు రంగుతో పనిలేదు గానీ దేంతో కట్టారో కావాలి.”

“ముందు ఇటుకే. తర్వాత తడిసి ఉబ్బితే సిమెంటు పూశారు,” అనేవాడు అన్నయ్య.

“పూయలేదురా. పూయిస్తానని ఏడాదికోసారి అనేవాడు. చచ్చేదాకా అంటూనే ఉన్నాడు,” అనేది పిన్ని.

కళ్లజోడు వేళ్లు గాల్లో ఆగిపోయేవి. “ఇంతకీ ఇటుకా, సిమెంటా?”

“పక్కన ఖాళీ పెట్టు నాయనా. గుర్తొచ్చాక చెప్తాం,” అనేది చిన్ని.

అలా ఒక్కొక్క ఇల్లూ లేచింది. గడియారాల కొట్టు, దాని పక్కన టైలరు మిషన్లు మూడూ గుమ్మంలోనే పెట్టుకునే ఇల్లు, ఎప్పుడూ తలుపు మూసుండే సంగీతం మేష్టారి ఇల్లు. ఒక ఇంటి గురించి మొదలుపెడితే ఆ ఇంట్లో వాళ్లు వచ్చేవారు. వాళ్ల పిల్లలు, పిల్లల పెళ్లిళ్లు, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, ఎందుకు మానేశారు, మళ్లీ ఏ చావుకు కలిశారు. పూటంతా మాట్లాడితే ఒక గోడ తేలేది. అయినా కళ్లజోడు విసుక్కోలేదు. ఒకరోజు మాత్రం “మేడం, మన మోడల్‌లో మనుషులకు చోటు లేదు గానీ, ఉంటే ఈపాటికి పూర్తయిపోయేది,” అన్నాడు.

అన్నిటికంటే పెద్ద గొడవ వీధి వెడల్పు దగ్గర వచ్చింది. చిన్ని హాలు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి, “ఇంత, ఇంకో ఇంత, పైన ఇంకాస్త,” అంది. అన్నయ్య ఒప్పుకోలేదు. చాప తెప్పించి హాల్లో అడ్డంగా పడుకున్నాడు. “మనింటి అరుగు మీద తలపెట్టి పడుకుంటే నా కాళ్లు ఇక్కడికొచ్చేవి. అక్కణ్నుంచి పిన్ని వాళ్ల మెట్టుదాకా ఇంకో నాలాంటి వాణ్ని పడుకోబెట్టొచ్చు. మధ్యలో సైకిలు పోయేది.”

“నీలాంటి వాణ్ని ఇంకొకణ్ని ఎక్కణ్నుంచి తెస్తాంరా?” అంది పిన్ని. పిన్ని మనవరాలు గదిలోంచి తొంగిచూసి, నేలమీద పడుకున్న మామయ్యనూ, ఆయన్ని కొలుస్తున్న కళ్లజోడునూ చూసి, ఏమీ అడక్కుండా తలుపేసుకుంది.

చివరికి అన్నాచెల్లెళ్లిద్దరూ చెప్పినదానికి మధ్యస్థంగా ఒక కొలత పెట్టారు.

*

మొదటిసారి పోల్చి చూసినప్పుడు ఏదీ కలవలేదు.

కళ్లజోడు తెర మీద రెండు గీతలు వేశాడు. నీలం గీత ఆనాటి రికార్డింగ్‌ది, ఎర్రగీత సిమ్యులేటర్‌ది. రెండూ రెండు ఊళ్ల వాళ్లలా ఎవరి దారిన వాళ్లు పోతున్నాయి. రెండు రోజులు కూర్చుని అతను కారణం పట్టుకున్నాడు.

“నిజం వీధిలో సిగ్నళ్లు గోడకు తగిలి చాలా తొందరగా తిరిగొస్తున్నాయి మేడం. మనం కట్టిన వీధిలో తాపీగా వస్తున్నాయి. అంటే మన వీధి మరీ వెడల్పయిపోయింది. ఇంచుమించు మూడోవంతు తగ్గించాలి. ఇళ్లు కూడా కొంచెం పొట్టి చేయాలి.”

ఆ సంగతి చెబితే అన్నయ్యకు కోపమొచ్చింది.

“మా వీధిని ఇరుకంటుందా ఆ పెట్టె? అది ఎప్పుడైనా వచ్చి చూసిందా?”

“పెట్టె కాదన్నయ్యా. మేం వ్యాన్‌లో వచ్చి తీసుకున్న రికార్డింగ్ అంటోంది. ఆ రోజు ఆకాశంలోంచి వచ్చిన సిగ్నలే అంటోంది.”

“ఆకాశం మాత్రం పైనుంచి చూసింది. మనం లోపల ఉన్నాం.”

చిన్నికీ మనసు ఒప్పుకోలేదు. తన లెక్కలో ఆ వీధిలో పిల్లలు రెండు జట్లుగా విడిపోయి బంతాట ఆడేవారు. పక్కన ఆడవాళ్లు కూరగాయలు బేరమాడేవారు. ఇంకా చోటుండేది. మూడోవంతు తగ్గిస్తే బంతాట ఎక్కడ ఆడినట్టు?

తేల్చింది పిన్ని. “ఏదైనా బండి వస్తే అందరం గోడకు అతుక్కుపోయి నిలబడేవాళ్లం కదర్రా. మర్చిపోయారా? మీ అమ్మ ఎప్పుడూ అనేది, ఈ వీధిలో లావైతే బతకలేమే అని. మా వంటింట్లో పోపు వేస్తే తుమ్ములు మీ ఇంట్లో వినపడేవి. మీరు చిన్నపిల్లలు కనక మీకు పెద్దగా కనిపించింది.”

“ఇల్లు ఖాళీ చేసేనాటికి నాకు తల నెరిసింది పిన్నీ,” అన్నాడు అన్నయ్య.

“నెరిస్తే? నువ్వు అక్కడే ఉన్నావుగా. ఉన్నవాడికి ఎప్పటికీ చిన్నప్పటి వీధే కనిపిస్తుంది.”

అన్నయ్య కళ్లజోడుతో, “తగ్గించు బాబూ. గొడవెందుకు,” అన్నాడు, సొంత స్థలంలో మూడోవంతు రాసిచ్చేవాడిలా.

*

తగ్గించారు. ఈసారి రెండు గీతలూ వీధి మొదట్నుంచి కలిసి నడిచాయి. గడియారాల కొట్టు మలుపు దగ్గర రెండూ ఒకేలా ఎగిరాయి. మేష్టారి ఇంటి దగ్గర రెండూ ఒకేలా పడ్డాయి. కానీ వీధి మధ్యకు వచ్చేసరికి ఎర్రగీత మామూలుగా పోయింది, నీలంగీత మాత్రం పూనకం వచ్చినట్టు ఊగింది.

“ఇక్కడ వ్యాన్ చాలాసేపు ఆగింది,” అన్నాడు కళ్లజోడు. “ఆగినంతసేపూ ఎడమవైపు నుంచి గట్టి దెబ్బలు తగిలాయి. గోడ అయితే ఇంత గట్టిగా తగలదు. ఏదో పెద్ద ఇనప వస్తువు, చాలా దగ్గర్లో ఉండుండాలి. ఏముండేది మేడం అక్కడ?”

చిన్ని తెరకు దగ్గరగా వెళ్లి చూసింది. అది వాళ్ల ఇల్లు.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. ఉద్యోగంలో చేరిన కొత్త. ఇరుకువీధి కావాలని ల్యాబ్ వాళ్లంటే తనే ‘మా వీధికి పోదాం’ అంది. వ్యాన్ వీధిలోకి రాగానే కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఇంటిముందుకు రాగానే ఆగింది. అమ్మ కొంగుతో చేయి తుడుచుకుంటూ బయటికొచ్చి, వ్యాన్ కిటికీలోంచి టీ గ్లాసు అందించింది. చుట్టూ చేరినవాళ్లతో, “మా అమ్మాయి ఆకాశంతో మాట్లాడే ఉద్యోగం చేస్తోంది,” అని చెప్పింది. అమ్మ తనను పనిలో ఉండగా చూసింది ఆ ఒక్కసారే. మరుసటి ఏడాది అమ్మ పోయింది. అందుకే ఆ టీ గ్లాసు వేడి ఇప్పటికీ చిన్ని వేళ్లకు తెలుసు.

“అక్కడ ఇనప వస్తువేదీ లేదు. మా అమ్మ టీ ఇచ్చింది, అందుకే ఆగాం,” అంది.

కళ్లజోడు గొంతు సవరించుకున్నాడు. “గ్లాసు స్టీలుదే అయినా, మేడం... ఇంత పెద్దది కాదు కదా.”

అన్నయ్యకు ఫోన్ చేస్తే ఆయన లెక్క వేరు. “టీ లేదు, ఏమీ లేదు. నేను ఎదురు మేడ మీద పేరు రాస్తున్నాను. నిచ్చెన వీధికి అడ్డంగా ఉంది. నీ డ్రైవరు హారన్ కొట్టాడు. అక్షరం సగంలో ఉంది, దిగనన్నాను. అదీ మీరు ఆగిన సంగతి. నాది ఇనప నిచ్చెన, అదే రాసుకోమను.”

“నిచ్చెన సన్నగా ఉంటుంది. సరిపోదండీ,” అన్నాడు కళ్లజోడు, అయినా మర్యాదకు ఒక నిచ్చెన పెట్టి చూశాడు. ఎర్రగీత కదల్లేదు.

ఆ వారమంతా చిన్నికి మనసు మనసులో లేదు. నీళ్ల ట్యాంకు పెట్టి చూశారు, రేకుల పందిరి పెట్టి చూశారు. ఏదీ అతకలేదు. అసలు బాధ అది కాదు. వీధి వెడల్పు తనకు తప్పుగా గుర్తుంది. గడియారాల కొట్టు మేడ తప్పుగా గుర్తుంది. మరి అమ్మ టీ ఇవ్వడం కూడా తను తర్వాత తర్వాత కట్టుకున్నదేనా? ఎన్నిసార్లు తలుచుకుందో, తలుచుకున్నప్పుడల్లా ఎంత చేర్చిందో ఎవరికి తెలుసు?

ఆదివారం పిన్ని ఇంట్లో ఆ మాట పైకి అనలేదు. “పిన్నీ, మేం వ్యాన్ తెచ్చిన రోజు మా ఇంటి ముందు ఏదైనా పెద్ద ఇనప సామాను ఉండేదా?” అని మాత్రం అడిగింది.

పిన్ని బఠాణీలు ఒలుస్తోంది. చేయి ఆపకుండా, “బీరువాలు,” అంది.

“బీరువాలా?”

“బీరువాల బాబాయి లేడూ, మీ ఇంటి పక్కన? ఇనప బీరువాలు చేసి, రంగు వేసి ఆరబెట్టడానికి వీధిలో వరసగా నిలబెట్టేవాడు. ఆ రోజు మీ ఇంటి ముందుదాకా పెట్టేశాడు. నీ వ్యాన్ పట్టలేదు. నువ్వు దిగి పోట్లాడావు కూడా. ‘బాబాయ్, ఇది ప్రభుత్వం పని, నీ బీరువాలు తీయించు’ అన్నావు. ఆయన ‘తడి రంగు, ముట్టుకుంటే నీ ప్రభుత్వానికే అంటుతుంది’ అన్నాడు. వీధంతా ఒకటే నవ్వు.”

అన్నయ్య పగలబడి నవ్వాడు. కళ్లజోడు గబగబా లాప్‌టాప్ తెరిచాడు. “ఎన్ని ఉంటాయండీ? ఎంత ఎత్తు?” అని అడుగుతున్నాడు. చిన్నికి మాత్రం నవ్వు రాలేదు.

“అయితే మేం ఆగింది బీరువాల కోసమా,” అంది నెమ్మదిగా. “అమ్మ టీ ఇచ్చిందనుకున్నాను.”

పిన్ని చేయి ఇప్పుడాగింది. చిన్ని మొహంలోకి చూసింది.

“ఇవ్వకపోవడమేమిటే? ఇచ్చింది. వ్యాన్ ఇప్పట్లో కదల్దని తెలిశాకే లోపలికెళ్లి టీ పెట్టింది. మధ్యలో బాబాయి బీరువాలు జరపడం మొదలుపెట్టాడు. మీ అమ్మ గుమ్మంలోకి వచ్చి, ‘మరిదీ, కాస్త మెల్లిగా జరుపు, పిల్ల టీ తాగాలి’ అంది. ఆయన ఎంత మంచివాడో, ఉన్న బీరువానే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. లేకపోతే అంతసేపు పడుతుందా?”

చిన్ని లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పి, గ్లాసు పెట్టకుండా నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడింది. హాల్లోంచి అన్నయ్య గొంతు వినిపిస్తోంది.

“మరి నా నిచ్చెన?”

“నువ్వసలు ఆ రోజు వీధిలోనే లేవు.”

“ఎందుకు లేను పిన్నీ! హారన్ కొట్టాడని చెప్తుంటే!”

“అది ఇంకేదో వ్యాన్ అయ్యుంటుంది. పాలవ్యాన్.”

ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

*

బీరువాలు పెట్టి చూపించే రోజున చిన్ని అన్నయ్యనూ పిన్నినీ ల్యాబ్‌కు తీసుకెళ్లింది. డైరెక్టర్ ఎదురొచ్చి పిన్నికి కుర్చీ వేయించాడు. పిన్ని నల్లపెట్టెను ఎగాదిగా చూసి, “ఇంత చిన్నదాంట్లో మా వీధంతా పట్టిందా?” అంది. “ఇరుకు వీధే కదమ్మా,” అన్నాడు కళ్లజోడు. అన్నయ్య అతన్ని గుర్రుగా చూశాడు.

తెర మీద వీధి కనిపించింది. బూడిదరంగు గోడలు, బూడిదరంగు బాల్కనీలు. వ్యాన్ ఉన్నచోట చిన్న చుక్క. చుక్క మలుపు తిరిగింది. టైలరు ఇల్లు దాటింది. మేష్టారి ఇల్లు దాటింది. వాళ్ల ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఎడమవైపు వరసగా బూడిదరంగు దిమ్మలు నిలబడ్డాయి. కింద నీలంగీత ఊగింది. దాని మీదే ఎర్రగీత ఊగింది. ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తెలియకుండా పోయింది.

చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ చిన్ని చేయి పట్టుకుని ఊపేశాడు. చిన్ని చూపు మాత్రం చుక్క మీదే ఉంది. అది ఇంకా కదల్లేదు. గదిలో ఎవరి మాటల్లో వాళ్లున్నారు. ఆమె, పిన్ని, ఇద్దరే కళ్లార్పకుండా చూస్తున్నారు. చుక్క కదిలింది. “తాగేసినట్టుంది,” అంది పిన్ని. చిన్ని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత కొత్త రిసీవర్ ఒకదాన్ని గొట్టంలో నడిపించారు. ఈ మధ్యే తయారైన రకం. గోడకు తగిలి వచ్చిన సిగ్నల్‌ను గుర్తుపట్టి పక్కన పెట్టడం దానికి తెలుసు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి కూడా పక్కవీధిలోకి పోకుండా నడిచింది. ల్యాబ్ పుట్టినప్పట్నుంచి ఏ రిసీవరూ చేయలేని పని.

అన్నయ్య తెరనే చూస్తూ, “బాగుంది,” అన్నాడు. “దారి తెలిసేసరికి వీధి లేకుండా పోయింది.”

డైరెక్టర్ ఆయన దగ్గరికొచ్చాడు. “మీరు లేకపోతే ఇది అయ్యేది కాదండీ,” అన్నాడు.

“అంతా పిన్ని చెప్పిందే. నేను చెప్పిన నిచ్చెన తీసేశారుగా,” అన్నాడు అన్నయ్య.

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, “ఏమే, మరీ అంత బూడిదరంగేమిటే? మేష్టారి తలుపు ఆకుపచ్చ. మన కిటికీలు నేనే నీలం వేశాను,” అన్నాడు.

“సిగ్నల్‌కు రంగు తెలియదన్నయ్యా.”

“సరే,” అని రెండు మెట్లు దిగి, “దానికి తెలియకపోతే మనకు తెలియదా?” అన్నాడు.

*

కొన్ని నెలలకు ఆ మోడల్‌ను ఇతర ల్యాబులు కూడా అడిగి తీసుకున్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో తమ రిసీవర్లను ఆ వీధిలో నడిపిస్తున్నారు. ఒకసారి దూరదేశం నుంచి ఒక ఇంజనీరు ఫోన్ చేసి, ఎడమవైపున్న ఆ ఇనప దిమ్మలు ఏమిటని అడిగింది. బీరువాలని చెబితే, వీధిలో బీరువాలెందుకని అడిగింది. రంగు ఆరడానికని చెప్పింది చిన్ని. “ఎవరిదో ఆ బీరువాల ఆలోచన, చాలా బాగుంది. మా రిసీవర్లన్నీ అక్కడే పడిపోతున్నాయి,” అంది ఆ అమ్మాయి చివరికి.

ఆ సాయంత్రం ఆ మాట అన్నయ్యకు చెబుదామని చిన్ని ఫోన్ తీసేసరికి అన్నయ్యే చేశాడు. ఎక్కడో పైన ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది.

“ఏమే, నీకోటి చెప్పాలి. వీధి చివర కుళాయి దగ్గర మూడు మెట్లుండేవి, గుర్తుందా? ఇందాక గుర్తొచ్చింది. మధ్య మెట్టు విరిగి ఉండేది.”

“అన్నయ్యా, ఆ పని అయిపోయింది. మోడల్ పంపేశాం కూడా. ఇప్పుడు మెట్లు పెట్టినా తేడా ఏమీ ఉండదు.”

“తెలుసు,” అన్నాడు అన్నయ్య. “రాసుకుంటావా?”

చిన్ని పెన్ను కోసం బల్లమీద వెతికింది. “చెప్పు,” అంది.

“ముందు కుళాయి ఎటువైపో చెప్తాను. నువ్వు తప్పు చెప్తావు. కుడివైపు...”

“ఎడమన్నయ్యా.”

“కుడివైపే. ఆగు, నిచ్చెన దిగనీ. దిగి చెప్తాను.”